ముప్ఫైరెండు అక్షరాలు

స్టేషను పేరు పలాస. బజారు పేరు కాశీబుగ్గ.
రెండూ ఒకే ఊరంటే
బయటివాళ్ళు ముందు నవ్వుతారు,
తర్వాత దిగాల్సిన చోట దిగరు.
నా కంప్యూటరూ అంతే.

పొద్దున్న విండోస్.
జీడిపప్పు డబ్బాల లేబుళ్ళకి వాడే పాత తెలుగు ఫాంట్లు
ఆ ఇంట్లో తప్ప మరెక్కడా అన్నం ముట్టవు.
మధ్యాహ్నం నించి లినక్స్.
హాజరు పట్టీ, కూలి లెక్కలు.
వైరస్ సోకి మూడేళ్ళ ఖాతా తుడిచిపెట్టుకుపోయాక
ముఖలింగం వచ్చి పెట్టి వెళ్ళిన రెండో కాపురం.

మౌస్ మాత్రం ఒక్కటే. నల్లది, తోక లేనిది.
పొద్దున్న చెప్పినట్టు వింటుంది,
మధ్యాహ్నం నన్నెరగదు.

సెల్లు మార్చాను.
తీసేసిన సెల్లు గోడ గడియారంలో వేస్తే
గడియారం శుభ్రంగా నడిచింది.
అంచేత తప్పు సెల్లుది కాదు.
అడుగున బొత్తాం నొక్కిపట్టి పది లెక్కపెట్టాను.
జత కుదిరింది, బాణం కదిలింది.
మర్నాడు విండోస్ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.
అక్కడ కలిపితే ఇక్కడ తెగింది,
ఇక్కడ కలిపితే అక్కడ.
పదకొండు రోజులు.
"ఇంకోటి కొనీమ్మా, నాలుగొందలే గదా" అన్నాడు షావుకారు.
కొననన్నాను. ఎందుకో నాకే తెలీదు.

టెక్కలి నించి ఫోన్లో ముఖలింగం, వెనకాల ఎవరిదో మిక్సీ మోత:
"మౌస్‌ది తప్పు కాదప్పా.
నీ మెషినికి చిరునామా ఒకటే, కాపురాలు రెండు.
జత కట్టినప్పుడల్లా ఓ రహస్యం పుడతాది,
ముప్ఫైరెండు అక్షరాలు.
మౌసేమో ఆఖరిదే గుర్తెట్టుకుంటాది.
రెండో ఇంట్లో ఇంకా పాత తాళమే ఏలాడతాది.
ముందు లినక్స్‌లో కలుపు, ఆనక విండోస్‌లో.
అక్కడ పుట్టిన అక్షరాలు రాసుకొచ్చి ఇక్కడ అతికించు.
మళ్ళా జత కలపకు.
ఆఁ, విండోస్‌ని పూర్తిగా ఆర్పు.
అది నిద్దరోయినట్టు నటిస్తాది, పట్టు వదల్దు."

సాయంత్రం బట్టీల పొగ
కిటికీ ఊచల్లోంచి లోపలికొచ్చే వేళ
ఆ అక్షరాలు వెతికి పట్టుకున్నాను,
ఎవరూ ఊడ్చని గది మూలలాంటి చోట.
చెడిపోయిన లేబుల్ వెనక పెన్సిల్తో రాశాను:
ఏ, తొమ్మిది, ఎఫ్, సున్నా, సున్నా, మూడు...
ఒకటి తప్పినా అన్నీ తప్పే.
రెండుసార్లు పైకి చదువుకున్నాను.

బల్ల అవతల దాలమ్మ
వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టింది.
ఎర్ర దీపం.
చూపుడువేలు. ఎర్ర దీపం.
చీర చెంగుతో తుడిచి, ఊది, మళ్ళీ.
ఇరవైరెండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు.
గీతలన్నీ జీడినూనె తినేసింది,
మిగిలినవి నున్నటి గులకరాళ్ళు.
"నాను దాలమ్మనే గదేటి" అంది,
నాతో కాదు, యంత్రంతో.

ముఖలింగానికి మళ్ళీ ఫోన్ చేద్దామనుకున్నాను.
ఏమని అడగను?
ఆమె అక్షరాలు ఏ గదిలో ఉంటాయి,
ఎక్కణ్ణించి రాసుకొచ్చి ఎక్కడ అతికించాలి?

ఏడూ ఇరవైకి లినక్స్ తెరుచుకుంది.
మౌస్‌ని కదిపాను.
బాణం కదిలింది, ఏమీ జరగనట్టు,
నిన్నటి దాకా అలిగిందే కాదన్నట్టు.

తిన్నగా హాజరు పట్టీలోకి తీసుకెళ్ళాను.
దాలమ్మ వరస, యంత్రం ఖాళీ వదిలిన గడి.
అక్కడ నొక్కి, హాజరు అని టైపు చేశాను.
సాక్షి ఎవరని అడిగింది పక్క గడి.
నా పేరు రాశాను.
రేపు షావుకారు అడుగుతాడు. అడగనీ.

దాలమ్మ లేస్తూ లేబుల్ వైపు చూసింది.
"ఆ కాయితం మీద ఏటి రాసినావు?"
"మౌస్ గుర్తు."
"దానికీ గుర్తుంటాదేటి!"
కాసేపు నిలబడి, కాగితం నా వైపు జరిపి
"అయితే బేగి దాచు" అంది,
"ఎలకలు కొరికేస్తాయి."