అంగుళం ఎత్తు

ఫ్రీటౌన్‌లో ఆగస్టు వాన
రేకుల మీద రాళ్ళు దొర్లిస్తున్న పూట
కొత్త ఏజెన్సీ తెరిచారు.
దేశాలు దాటే నేరాలన్నిటికీ ఇక ఒకటే గుమ్మమట.
రిబ్బన్ కత్తిరించిన మంత్రిగారు
అల్లం షర్బతు ముట్టకుండానే వెళ్ళిపోయారు.
మిగిలింది మేము,
ఆరు శాఖల నుంచి ఆరుగురం,
మా గొడుగుల కింద ఆరు మడుగులు.

అంత పొడుగు బల్ల ఎక్కడా దొరకలేదు.
పోలీసులు ఒకటిచ్చారు, కస్టమ్స్ వాళ్ళం ఒకటిచ్చాం.
పక్కపక్కన జరిపితే
పోలీసుల బల్ల అంగుళం ఎత్తు.
నా పెన్ను ఇటు నుంచి దొర్లి
ఆ అంచుకి కొట్టుకుని ఆగిపోయింది,
మొదటి గంటలోనే.

కమాండర్ డెక్కర్ సుద్దముక్కతో
బోర్డు మీద 'సమన్వయం' అని రాశాడు.
వెనక నుంచి మోమో ఫొఫానా గొణిగాడు:
'దొంగలు దొంగలు కలిసి ఊళ్ళు పంచుకుని
ఇరవై ఏళ్ళయింది సార్.
మనకి ఇవాళ బల్ల దొరికింది.'
నవ్వాం.
కాసేపటికి ఆ నవ్వు ఎవరి నోట్లో వాళ్ళకే చేదైంది.

నా పని చిన్నది.
రేవులో పద్దెనిమిదేళ్ళు చిట్టాలు రాసిన చెయ్యి కనక
ఆరు శాఖల రిజిస్టర్లూ నా ముందు పరిచారు.
అంతకు ముందు అవి
ఒకదాని మొహం ఒకటి చూసెరగవు.

మూడేళ్ళ కిందటి మార్చి, తొమ్మిదో తేదీ రాత్రి.
కస్టమ్స్ పుస్తకంలో: 'ఫాతూ స్టార్', ఎండుచేపలు, సుంకం చెల్లు.
నేవీ పుస్తకంలో: 'ఎత్వాల్ ద ఫాతూ', కొనాక్రీ వైపు, దీపాలు లేవు.
మత్స్యశాఖలో పేరు లేదు, ఒక నంబరు,
దాని చివరి అంకె చెదలు తినేశాయి.
ఇమిగ్రేషన్‌లో: తెల్ల పడవ, పదకొండుమంది ఆడపిల్లలు, పెళ్ళివారు.
నార్కోటిక్స్ వాళ్ళు ఆ రాత్రి కాపు కాసింది వేరే రేవులో.
పోలీసులది ఒక్క ముక్క: విశేషమేమీ లేదు.

కస్టమ్స్ పుస్తకంలో ఆ దస్తూరి నాదే.
గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.
ఎండుచేపల వెనక ఎవరున్నారో
వంగి చూడడం అప్పుడు మా శాఖ పని కాదు.

మధ్యాహ్నం జెబ్బే వచ్చింది,
వాటర్లూ నుంచి మూడు పోడా-పోడాలు మారి,
ప్లాస్టిక్ సంచిలో కూతురి ఫోటో తడవకుండా చుట్టుకుని.
హవనతు. పందొమ్మిదేళ్ళు.
గల్ఫ్‌లో వంటపని అన్నారట.
ఫోటో వెనక ఆరు రబ్బరు ముద్రలు.
మాది కాదు అనడానికి కూడా
ఒక్కో ఆఫీసు ఒక్కో ముద్ర వేసింది.

'ఇక్కణ్ణించి ఎక్కడికి పొమ్మంటారు?' అంది,
కూర్చోకుండానే.
'ఎక్కడికీ వద్దమ్మా' అన్నాడు డెక్కర్.
ఆ మాట అలవాటు లేక
గొంతు సవరించుకున్నాడు.

కుర్చీ చాలలేదు. మోమో లేచాడు.
ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది.
కిటికీ కిటికీకీ కుదించి చెప్పీ చెప్పీ
కథ పొట్టిదైపోయినట్టుంది,
రాలిపోయిన ముక్కల కోసం
మధ్యమధ్యలో ఆగి వెతుక్కుంది.
పిల్ల చెప్పుల రంగు. ఏజెంటు బంగారు పన్ను.
పడవ ముక్కు మీద
నీలం నక్షత్రం, ఒక కొన చెరిగిపోయి.

మోమో కొనాక్రీలో చదివినవాడు.
నా భుజం మీంచి వంగి
నేవీ పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టాడు:
'ఎత్వాల్ అంటే నక్షత్రమే.'

పడవ దొరికిందని కాదు.
ఈపాటికి అది ఎన్ని పేర్లు మార్చిందో.
హవనతు ఏ వంటింట్లో ఉందో
ఆరు పుస్తకాల్లో ఎక్కడా లేదు.
రెండు పేర్ల మధ్య ఒక గీత గీశాను, అంతే.
నా దస్తూరి ఈసారి వంకర పోయింది.

వెళ్ళేముందు జెబ్బే
ఫోటో తిరగేసి చాచింది, అలవాటుగా.
'మాకింకా ముద్ర రాలేదు' అన్నాను.
'రానివ్వకండి' అంది.
ఫోటో బల్ల మీదే వదిలి వెళ్ళింది.

రేపు వడ్రంగి వస్తాడు.
పోలీసుల బల్ల కాళ్ళు కోయాలా,
మా బల్ల కింద చెక్కలు పెట్టాలా అని
దీపాలు పెట్టేదాకా వాదించుకున్నాం.