మొరాయింపు

పేపర్లో ఒక మాట తప్పు పడిందని
పొద్దున్నే నాకు కోపం.
ముప్పై రెండేళ్లు ప్రూఫులు దిద్దిన కళ్లు
పెన్షనొచ్చినా ఊరుకోవు.

జోన్ ఆఫీసు ముందు బైఠాయించిన
పారిశుద్ధ్య కార్మికులు ‘రెస్టివ్’గా ఉన్నారట.

రెస్టివ్!
ఈ ముసలి మాట ఇంకా బతికే ఉందా?
కలెక్టర్ల పాత ఉత్తరాల్లో చూసేవాణ్ణి దీన్ని.
మిల్లు గేటు ముందు, కరువు తాలూకాల్లో,
చెమట పట్టిన కాలరు వెనక నుంచి
దొర చూసిన ప్రతి గుంపూ రెస్టివే.
అలజడిగా ఉన్నారని, కుదురు లేదని,
ఏ క్షణానైనా రాయి లేస్తుందని.
మాట ముందు నడిచేది,
దాని వెనకే లాఠీ.

పెంచలమ్మనే అడుగుదామని బయల్దేరాను.
పుళియాంతోపులో మా వరసలో
నాలుగో గుమ్మం ఆమెది.
వాళ్ల తాత నెల్లూరు నుంచి వచ్చి చీపురు పట్టాడు.
చీపురు చేతులు మారింది గాని
గుమ్మం మారలేదు.

పదకొండో రోజు.
ప్లాట్‌ఫారం మీద టార్పాలిన్,
స్టీలు క్యాన్లో మజ్జిగ,
ఎవరి ఒళ్లోనో ఎవరి బిడ్డో నిద్ర.
పెంచలమ్మ కాళ్లు చాపుకుని
మోకాలికి కొబ్బరినూనె రాసుకుంటోంది.
ఉన్న అలజడంతా రోడ్డుకి అవతల
వాకీటాకీ పట్టుకుని
అటూ ఇటూ తిరుగుతోంది.

“మీ గురించి పేపర్లో వేశారు.”
“ఏమనన్నా?”
సరైన తెలుగు నోటికి రాలేదు.
“మీకు కుదురు లేదంట.”
ఆమె పడీపడీ నవ్వింది.
“పదకొండు దినాలుగా కూకున్న చోటే కూకున్నాం,
ఇంతకంటే కుదురు యాడన్నా ఉంటాదా?”

ఇంటికొచ్చి డిక్షనరీ దించాను.
మూర్ మార్కెట్ తగలబడక ముందు
ఏడు రూపాయలకు కొన్నది.
అట్ట పోయింది, అర్థాలు పోలేదు.
రెస్టివ్. మొదటి అర్థం:
ముందుకు అడుగు వేయనని
నిలిచిపోయిన గుర్రం.

అంతే. నిలవడం.
తర్వాతెప్పుడో
కళ్లెం పట్టినవాడి కంగారు
గుర్రానికి అంటగట్టారు,
మాట తిరగబడింది.

మా తాత సెంట్రల్ దగ్గర జట్కా తోలేవాడు.
గుర్రం పేరు సింగారి.
ఒక ఎండాకాలం మధ్యాహ్నం
బేసిన్ బ్రిడ్జి ఎక్కే చోట ఆగిపోయింది.
బండిలో ఆరుగురు మనుషులు, రెండు బియ్యం మూటలు.
తాత అరవంలో తిట్టాడు, తెలుగులో బతిమాలాడు,
కొరడా తీశాడు.
అది చెవులు మాత్రం వెనక్కి వాల్చింది.
చివరికి తానే దిగి
మూటలు భుజానికెత్తుకుంటే
అప్పుడు కదిలింది.
రాత్రి అవ్వతో ఒక్క ముక్కే అన్నాడట:
“ఇయ్యాల మొరాయించింది.”

దానికి పొగరనలేదు, పిచ్చనలేదు.
బరువు ఎక్కువైందన్న సంగతి
ఆ మాటలోనే ఉంది.
ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్న మాట కోసం
నేను పరాయి అల్మారా తెరిచాను.

పొద్దున ఎర్ర పెన్సిలుతో కొట్టేసిన ‘రెస్టివ్’ని
మళ్లీ ముందేసుకున్నాను.
విలేకరికి తెలియకుండానే
మాట సరైన చోట పడింది.

కొట్టేసింది తప్పైతే
మాట కింద చుక్కలు పెట్టడం మా పద్ధతి.
కదపొద్దు, ఉన్నచోటే ఉండనీ అని దానర్థం.
వరసగా పెడుతూ పోయాను.
పదకొండు పట్టాయి.
పన్నెండోదానికి
మార్జిన్లో చోటుంచాను.