ఇరవై అయిదు అక్షరాల అవతల

లాసన్స్ బే దగ్గర గెడ్డ సముద్రంలో కలిసేచోట
తెల్లారి అయిదున్నరకి సీసా ముంచాను.
నీళ్ళు నల్లగా, కాస్త గోరువెచ్చగా.
మూత బిగిస్తుంటే మసేనమ్మ బండి తోసుకుంటూ ఆగింది:
"ఆకరికి మురుగు కూడా అట్టుకెల్లిపోతన్నావేటి బాబూ!"

ల్యాబులో అది అక్షరాలు కావడానికి పన్నెండు రోజులు పట్టింది.
నాలుగే అక్షరాలు. ఒత్తుల్లేవు, గుడుల్లేవు.
ఆగమనే గుర్తు కూడా ఆ నాలుగింటితోనే రాసుకోవాలి.
ఆ బారు వాక్యంలో
ఎక్కణ్ణించో వచ్చి దూరినవాటిని వెతకడం నా పని.

కొన్ని చూడకుండా దూకుతాయి.
అన్నం అన్న మాటలో
అ-కీ న్నం-కీ నడుమ తుమ్మెద వాలిందనుకోండి,
అతుమ్మెదన్నం.
ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.
దూకింది కూడా ఆ ఆకలితోనే పోతుంది.

నేను వెతికేది అలాంటిది కాదు.
బాక్టీరియాలో గోడ కట్టే జన్యువు ఒకటుంటుంది.
దాని చివరి మాటల్ని మార్చడానికి వీల్లేదు,
మారిస్తే గోడ నిలవదు.
కరెంటు పోయిన ఇంట్లో మనిషిలా
ఇది ఆ చివరి మాటల్నే తడుముతుంది,
ఔను, ఈ ఇల్లే, అనుకుంటుంది,
లోపలికి రాదు.
ఆగమనే గుర్తు దాటి
ఇరవై అయిదు అక్షరాలు అవతలికి జరిగి
అక్కడ కూర్చుంటుంది.
గోడ కట్టేవాళ్ళు కడుతూనే ఉంటారు.

"ఎంత మర్యాద సార్!" అన్నాను.
భానోజీ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ
"మర్యాదేమిటయ్యా,
ఇల్లు కూలితే అద్దెకున్నవాడు ఎక్కడికి పోతాడు?" అన్నారు.

మసేనమ్మ బండి మొదట ఆసుపత్రి గేటుకి ఎదురుగానే ఉండేది.
అంబులెన్సు మళ్ళలేక ముందుకీ వెనక్కీ కొట్టుకున్న రోజు
వాచ్‌మన్ ఇడ్లీ పాత్రని కాలితో తన్నాడు.
చట్నీ చాలాసేపు రోడ్డు మీదే ఉంది, కాకులొచ్చేదాకా.
మర్నాడు ఆవిడ గేటు స్తంభం మీద చెయ్యి వేసి
అక్కణ్ణించి అడుగులో అడుగు వేసుకుంటూ తొమ్మిది లెక్కపెట్టింది.
చక్రానికి రాయి అడ్డం పెట్టింది.
ఆరేళ్ళు.
తోడికోడలు పక్కనే బజ్జీల బండి పెడతానంటే
"ఈ గోడకాడ నానుండగా ఇంకోటేటి?" అంది.
అదీ అంతే. తనలాంటిది ముందే కూర్చున్నచోట
మళ్ళీ కూర్చోదు.

ఆవిడకి ఈ పోలిక చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.
పురుగుతో పోలిస్తే ఎవరూరుకుంటారు?

దానికి ఇంకో దారి కూడా ఉంది.
ఊరొదిలిపోయే ప్లాస్మిడ్ ఏదైనా రేవుకొస్తే
గోడనీ ఇరవై అయిదునీ మరిచిపోయి అందులోకి దూకుతుంది,
మసేనమ్మ పెనిమిటి వెరావల్ బోటెక్కినట్టు,
ఉన్నదంతా సంచిలో వేసుకుని.
దీని సంచిలో ఉన్నది
రెండు మందుల్ని లొంగదీసే విద్య.

ఇవాళ పళ్ళెం తీశాను.
మందు బిళ్ళ చుట్టూ ఉండాల్సిన ఖాళీ వలయం లేదు.
అంచుదాకా గరికలా అల్లుకుపోయి ఉంది.
ఎవర్నీ ఇబ్బంది పెట్టనిదే ఇంతదూరం వచ్చింది.
నోటుబుక్కులో ఆ ముక్క రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

సాయంత్రం ఆసుపత్రి గోడమీద ఎర్ర రంగు గీతలు.
రోడ్డు వెడల్పు చేస్తారట, గేటు అటు మూలకి మారుస్తారట.
ఉప్పుగాలికి బండిమీద గుడ్డ ఎగురుతోంది.
"సీసాలో ఏటి కనపడింది బాబూ?"
"ఒకటి... చోటు చూసుకుని కూర్చునేది."
"మంచిదే కదేటి" అంది,
ఇంకా పెట్టని గేటు దగ్గర నిలబడి
లేని స్తంభం మీద చెయ్యి వేసి,
ఒకటి, రెండు, మూడు