తేమ గడి

ఎనుమాముల యార్డుల
పొద్దుగాల ఆరు గొట్టక ముందే
నా కంప్యూటర్ లేస్తది.
ఫ్యాను తిరిగితే చాలు,
కీబోర్డు మీద సన్నగ దూది వాలుతది.
ఊదుకుంట కొడుత:
పేరు, ఊరు, బస్తాలు, తేమ, ధర.

తేమ గడి అంకెనే తింటది.
అక్షరం పెడితే ఎర్రగయి మూల్గుతది.

రేగొండ దిక్కుకెళ్లి ఓదెలు వచ్చిండు.
బస్తల మీటరు ముల్లు గుచ్చిన్రు. పద్నాలుగు.
"మొన్న రాత్రి వాన గొట్టింది బిడ్డా,
పట్టా సాలలే. మా సారక్క తన చీరలు గప్పింది.
నడిజామున ఇద్దరం మంచాల కిందికి గుంజినం.
అది గూడ రాయి."

యాడ రాయాలె?
పద్నాలుగంటే నాకు రెండు మీటలు.
ఖరీదుదారుకు కోత.
గోడ మీది బోర్డుకు కొన్ని ఎర్రచుక్కలు వెలుగుడు.
ఓదెలుకు, రాత్రి రాత్రంత.

మా తాత పాత గ్రేన్ మార్కెట్ల హమాలి.
అప్పుడు ధర తువ్వాల కింద నడిచేదట.
వేళ్లు వేళ్లతోని మాట్లాడుకునేటివి,
పంట తెచ్చినోడు తువ్వాలను చూసుకుంట నిలబడెటోడు.
ఇప్పుడు అందరికీ కనబడే బోర్డు పెట్టిన్రు. మంచిదే.
తువ్వాల కింద దాగింది బయట పడ్డది,
బోర్డు మీద పట్టనిది
యాడికి పోయిందో తెల్వది.

శిక్షణల సారు చెప్పిండు:
ఉత్త అంకె సమాచారం కాదు,
ఎవరికన్న అక్కరకొస్తెనే సమాచారం అని.
నోట్సుల రాసుకున్న, పరీక్షల మార్కులు గూడ పడ్డయి.
ఓదెలు కిటికీ ముందట నిలబడేదాక
'ఎవరికన్న' అనే మాట కింద గీత గీయలే.

'ఇతరములు' అని చివర ఒక గడి ఉంది,
ముప్పై అక్షరాలు పడ్తది.
ఎవరూ తెరువరు, ఏ లెక్కలకూ ఎక్కది.
"రాత్రి వాన. చీరలు కప్పిన్రు" అని కొట్టిన.
సేవ్ అయ్యింది.
ధర మారలే.

"ఏం రాసినవ్ బిడ్డా?"
చదివి ఇనిపించిన.
"ఎన్ని చీరలో రాయలేదా? నాలుగు."
నాలుగు కొట్టిన.

చీటి మడిచి అంగి జేబుల పెట్టుకొని
మెట్ల మీద కూసోని ఫోను చేసిండు.
అంకె చెప్పలే.
"బువ్వ తిన్నవా?" అన్నడు.
అటు దిక్కు చానసేపు చప్పుడు లేదు.

నాకు గూడ ఇనబడ్డది.