రెండో షిఫ్టు లేని సాయంత్రం

పీన్యాలో ఆరున్నరకి ఇంత నిశ్శబ్దం ఉండకూడదు.
ఓబులేసు షెడ్డులో మూడు లేత్‌లు
గోనెపట్టాలు కప్పుకుని పడుకున్నాయి.
నాలుగోది తిరుగుతోంది, పని ఉండి కాదు,
తిప్పకపోతే బిగుసుకుపోతుందని.

నేను లెక్కలు రాసేవాణ్ణి.
పదకొండు షెడ్లుండేవి నా చేతిలో, ఇప్పుడు ఏడు.
మూల స్టూలు మీద జీఎస్టీ కాగితాలు సర్దుతుంటే
బావా బావమరదులు మొదలుపెట్టారు.

పినాకపాణి ఆడిట్ ఆఫీసులో ముప్పై ఏళ్లు
ఎర్ర ఇంకుతో బతికినవాడు.
"దుప్పటి ఎంతుందో కాళ్లంతే చాపాలి,
సర్కారైతే మాత్రం?
ఇవాళ మీరు పండగ చేసుకుంటే
వడ్డీ కట్టేది ఇంకా పళ్లు రాని నీ మనవరాలు."

ఓబులేసు మాట్లాడకుండా నూనె డబ్బా ఎత్తి
తిరిగే మిషను మీద రెండు చుక్కలు వేశాడు.
"ఇది మానేస్తే నెలకి నూట ఎనభై మిగుల్తుంది బావా.
బేరింగు పట్టేస్తే పద్నాలుగు వేలు.
ఏది పొదుపో నీ ఎర్ర ఇంకుతోనే రాయి."

"నూనె ఎక్కువైతే బెల్టు జారదూ?"

జారుతుంది. ఓబులేసుకీ తెలుసు.
చాలాసేపు చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కిటికీ బయట ఫ్లైఓవరు
రోడ్డు మధ్య పైకి లేచి
చెప్పబోయిన మాట మర్చిపోయినట్టు ఆగిపోయింది.
ఖజానా బిగించారని పనులు ఆపి పది నెలలు.
దానికోసం కోసిన బోల్టులు తొమ్మిది బస్తాలు
తలుపు పక్కనే, బిల్లు కోసం ఎదురుచూస్తూ.
"దానికి ముందు కట్టినదాని మీద
కుక్కలు తప్ప ఎవరు తిరుగుతున్నారు?"
అన్నాడు పినాకపాణి.
అదీ నిజమే.

"నువ్వు చెప్పవయ్యా, లెక్కల మనిషివి."

నేనేం చెప్పను?
మూడు నెలలుగా నా డబ్బులు ఓబులేసు దగ్గరే ఉన్నాయి.
అందుకని కొత్త కళ్లద్దాలు వాయిదా వేశాను.
జాలహళ్లి క్రాసులో అద్దాల షాపాయన
నాలాంటివాళ్ల వాయిదాలన్నీ కూడి చూసుకుని
కౌంటర్లో ఉండే అమ్మాయిని మాన్పించాడు.
నేను పొదుపు చేశాననే అనుకున్నాను.
ఇప్పుడు ఈ పాత అద్దాల్లోంచి
ఓబులేసు బ్యాంకు బాకీ
మూడు లక్షలో ఎనిమిది లక్షలో
ఆనవాలు దొరకడం లేదు.
ఇంకో అప్పు చెయ్యమని
ఏ అంకె చూసి చెప్పను?

టీ వచ్చింది, మూడు గ్లాసులు.
"రాసుకో" అన్నారిద్దరూ ఒక్కసారే.
కుర్రాడు కదల్లేదు.
"రాసుకోవద్దన్నాడు సార్, మా ఓనరు."

వాన మొదలైంది.
ఫ్లైఓవరు కొసన పొడుచుకొచ్చిన చువ్వల మీంచి
ఎర్రటి నీళ్లు కారుతున్నాయి.
పినాకపాణి వాటినే చూస్తూ
పెన్షను పర్సులోంచి యాభై నోటు తీశాడు,
నాలుగు మడతలు పెట్టినది, విప్పడానికి టైము పట్టింది.
కుర్రాడికిచ్చి నా వైపు తిరిగి
"రాయి" అన్నాడు.

ఖర్చు కిందా, అప్పు కిందా అని నేనడగలేదు.
ఓబులేసు మళ్లీ నూనె డబ్బా అందుకున్నాడు,
ఈసారి ఒక్క చుక్క.