దండెం లెక్క

మా ఊరు గిన్నె లెక్క ఉంటది.
మూడు దిక్కుల గుట్టలు, నాలుగో దిక్కు దేవరకొండ తొవ్వ.
గిన్నెల ఏం పోస్తే అదే నిలుస్తది.
వాన పోస్తే చెరువైతది.
కంకర మిషిన్ పోసింది ఏమైతదో
నేను చెప్పను, నా దండెం చెప్తది.

నేను ఉప్పలమ్మను.
సర్కారు దవఖాన దుప్పట్లు ఉతుకుత, వారానికి నలభై రెండు.
తెలుపంటే మీకు ఒక్కటే కావొచ్చు.
నాకు మల్లె తెలుపు వేరు, సద్దన్నం తెలుపు వేరు,
ముసలి పన్ను తెలుపు వేరు.
ఇగ చలికాలం మా ఊరి తెలుపు ఉన్నది సూడు,
దానికి పేరు లేదు,
ఏలు పెట్టి గీస్తే గీత పడ్తది.

చలి దిగినంక పొగ లేవదు.
రైసుమిల్లు ఊక బూడిద, పగలగొట్టిన గుట్ట పొడి,
మొరం లారీల దుమ్ము
అన్నీ మంచు కింద పండుకుంటయి,
పో అన్నా పోని చుట్టాల లెక్క.
తొమ్మిదింటికి ఎండొచ్చి లేపుతది.
లేస్తయి గానీ ఊరు దాటవు.
బడికి పోయే పోరగాండ్ల ముక్కులల్ల జొరబడ్తయి.

దుప్పట్లు లెక్కవెట్టి ఇచ్చేది షమీమక్క, నర్సు.
"ఇది యాకూబ్‌ది, జర మంచిగ ఉతుకు" అన్నది ఒకనాడు.
ఆరేండ్ల పోరడు.
రాత్రంత కూసోనే తెల్లారగొట్టిండట.
నిద్రవోయిన దుప్పటికి ఒక తీరు ముడత ఉంటది.
వానిది ఒక్క కొసకే నలిగింది,
పిడికిలి పట్టిన కాడ.

నా పెనిమిటి కంకర కాడికే పనికి పోతడు.
మిషిన్‌ను తిట్టబోతే నోట్లె బువ్వ అడ్డమొస్తది.
ఆయన అంగి పిండితే మొదటి నీళ్లు బూడిద,
రెండో నీళ్లు బూడిద,
మూడో నీళ్లకు నేనే అలిసిపోత.

మాగంల గాలి కొలిచే సార్లు వచ్చిన్రు.
పంచాయతి డాబా మీద బీరువంత పెట్టె వెట్టిన్రు.
గుర్రుగుర్రుమనుకుంట అది గాలి మింగింది.
ఆ దినమే మిషిన్లకు రిపేరొచ్చింది.
మిల్లుకు కరెంటు లేదట.
లారీలు ఎటు పోయినయో, డీజిల్ వాసన గూడ లేదు.

ఎట్ల చెప్పాలె, ఆ దినం ఎంత బాగుండెనో!
తూరుపు గుట్ట మీద ఆకు రాలిన సీతాఫలం పొదలు
పుల్ల పుల్ల కనబడ్డయి.
నలభై రెండు ఆరేస్తే నలభై రెండూ మల్లెలే.
యాకూబ్ దండెం కిందికెల్లి ఉరికిండు,
దగ్గకుంట ఉరికిండు,
తడి దుప్పటి మొఖానికి తాకితే కిలకిల నవ్విండు.
కూలి లేక ఆయన గడప మీద కూసున్నడు,
"మనూరు గింత పెద్దగున్నదానే" అన్నడు.

గాలి మంచిగున్నదని కాయిదం రాసిన్రు.
అబద్ధమని ఎట్లంట?
ఆ ఒక్క దినానికి అది నిజమే.
గదే నా కడుపు మంట.

తెల్లారి మిషిన్లు మోగినయి.
దండెం మీద ఒక్క దుప్పటి నేను తియ్యలే.
మూడు దినాలు ఉంచిన.
నాలుగో నాడు పొద్దుగూకినంక
నేనొక కొస, ఆయనొక కొస పట్టుకోని
పంచాయతి డాబా ఎక్కినం.
పెట్టె ఉండె కాడనే కట్టినం.
ముళ్లు ఆయనే ఏసిండు, పండ్లతోటి బిగించి.
ఒక్క మాట మాట్లాడలే.
తెల్లారి సద్ది కట్టుకోని పనికి పొయ్యిండు.

సర్పంచి తియ్యమన్నడు.
సార్లు చెప్పకుంట వచ్చిననాడు తీస్తనన్న.

ఈ వారం షమీమక్క రెండుసార్లు లెక్కవెట్టింది.
"నలభై ఒకటే ఉన్నయేందే?"
డాబా దిక్కు చెయ్యి సూపెట్టిన.
శానాసేపు సూసింది.
రిజిస్టర్ తెరిచి, కలం జాడించి రాసింది:
ఒకటి, ఇంకా ఆరలేదు.