కొట్టివేత

పోతి రేవులో వాన పడని రోజులు
ఏడాదికెన్నో నన్నడగకండి.
నా వంటింటి బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ
ఎప్పుడూ తడిగానే ఉంటుంది.
గొడుగుల నీళ్ళు, మోచేతుల ముద్రలు,
టీ గ్లాసులు వదిలిన వలయాలు.
అందులో ఒక వలయానికి వేలితో వ్యాసం గీసి
వృత్తాల పాఠం మొదలుపెడతాను.

మంగళ, గురు, శనివారాలు. సాయంత్రం ఆరుకి.
డబ్బున్నవాళ్ళు నోటు మడిచి సాసరు కింద పెడతారు.
లేనివాళ్ళ తల్లులు హేజెల్‌నట్ల సంచీ పంపుతారు,
నేనూ ఎంతని తిననూ!

ఎలిసోకి అన్నీ వచ్చు, వచ్చని తనకీ తెలుసు.
అన్రీకి ఏమీ రాదు, ఆ బెంగ వాళ్ళ నాన్నది.
ఉచా సంగతే వేరు.
ఉచా సరిగ్గా చేస్తాడు,
చేసి, చూసి, కొట్టేస్తాడు.
పక్కనే ఇంకేదో రాస్తాడు.
ముందొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోంచే పంపేసి
వెనకొచ్చిన దారినపోయేవాడికి కుర్చీ వేసినట్టు.

ఒక రాత్రి వాడి నోట్‌బుక్ తెచ్చుకుని కూర్చున్నాను.
నవంబరు నుంచి ఫిబ్రవరిదాకా
నలభయ్యొక్క కొట్టివేతలు.
కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి
గీతల కింద చదివాను.
ముప్ఫైనాలుగు సరైనవే.

వాళ్ళ నాన్న రేవులో క్రేన్ నడుపుతాడు.
ఎప్పుడో ఒక కంటైనర్ని
వేరే ఓడలోకి ఎక్కించాడట.
అప్పట్నుంచీ ఆ ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు:
తలుపేశావా? నిజంగా వేశావా?
గ్యాస్ కట్టావా? నిజంగా?
అదీ కారణం అనుకుని
హాయిగా నిట్టూర్చి, పేజీ తిప్పాను.

తిప్పితే, మార్జిన్‌లో ఎర్రసిరా.
మళ్ళీ చూసుకో.
తర్వాతి పేజీలో, మళ్ళీ చూసుకో.
సరైన జవాబు పక్కన కూడా,
అలవాటుకొద్దీ, మళ్ళీ చూసుకో.
అక్షరాలు నావే.
పంతొమ్మిదేళ్ళుగా ఈ బల్ల దగ్గర
అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ
ఒకటే మందు పోస్తున్నాను.

గురువారం ఉచాతో అన్నాను:
కొట్టెయ్, నాకేం అభ్యంతరం లేదు.
కానీ గీత గీసేముందు
ఎందుకో నోటితో చెప్పాలి.
వాడు పెన్ను గాల్లో పట్టుకున్నాడు.
కెటిల్ కూత పెట్టి పెట్టి ఆగిపోయింది.
ఎలిసో మొహమాటంగా కిటికీలోంచి చూసింది.
"కారణమేం లేదు టీచర్,
భయంగా ఉంది."
"భయం కారణం కాదురా, వాతావరణం.
వాన పడుతోందని ఓడలు రావడం మానేశాయా?"
పెద్ద మాటే అన్నాను గానీ
ఆ రాత్రి నేనూ లేచి
గ్యాస్ రెండుసార్లు చూసి పడుకున్నాను.

జూలై. బడి గేటు బయట యూకలిప్టస్ చెట్ల కింద
నీళ్ళసీసాలతో తల్లులు.
నన్నెవరూ రమ్మనలేదు,
రొట్టె కొనడానికొచ్చి ఆగినట్టు నిలబడ్డాను.
అన్రీ అందరికంటే ముందొచ్చి ఐస్‌క్రీం కొనుక్కున్నాడు.
ఉచా చివర్న వచ్చాడు, చొక్కా ఒకవైపు బయటికి.
"ఏడోది కొట్టేశాను టీచర్."
నా చేతిలో రొట్టె బరువెక్కింది.
"కొట్టేసి, కింద మళ్ళీ అదే రాశాను."

మార్కులింకా రాలేదు.
వస్తే అవే చెప్తాయి, నేను ఊహించను.
వచ్చే ఏటి పరీక్షకి
అప్పుడే ఇద్దరు చేరారు.
కొత్త పిల్ల మజియా చేసిన లెక్క చూసి
మార్జిన్‌లో "మళ్ళీ" అని రాసి ఆగాను.
కొట్టేశాను.
ఆ పిల్ల మూడో మెట్టులో మైనస్ గుర్తు మింగేసింది.
కిందే, ఇంకాస్త చిన్న అక్షరాల్లో,
మళ్ళీ చూసుకో
అని రాశాను.